వైట్‌ఫీల్డులో ఒక పనిరోజు

మన తెలుగువాళ్లకు ఒకప్పుడు వైట్‌ఫీల్డు అంటే గుర్తుకు వచ్చేది కాడుగోడిలోని సత్యసాయిబాబా బృందావనం. దర్శనానికి వెళ్లివచ్చిన పెద్దవాళ్లు ఆ దారిలోని తోటలూ, చెరువులూ, రాగిచేల గురించి చెబుతుండేవారు. ఇప్పుడు అదే వైట్‌ఫీల్డుకు మన పిల్లలు పొద్దున్నే మెడలో బిళ్లలు వేసుకుని ఉద్యోగాలకు వెళుతున్నారు. మా అన్నయ్య కూతురు అక్కడ ఒక కంప్యూటరు కంపెనీలో పరిశోధక బృందానికి పెద్ద. "రోజంతా ఏం చేస్తావే?" అని అడిగితే "మీటింగులు అత్తా" అని నవ్వేసేది. ఆ మీటింగులేమిటో ఒక్కసారి చూడాలని ఉందని నేను పట్టుబట్టాను. ఆఫీసులో ముందుగా అనుమతి తీసుకుని, ఒక బుధవారం నాడు నన్ను వెంట తీసుకువెళ్లింది. కంపెనీ పేరు మాత్రం రాయవద్దని కోరింది.

మల్లేశ్వరంలో మా ఇంటికి దగ్గర సంపిగె రోడ్డు మెట్రో స్టేషను. ఏడున్నరకు ఎక్కి, మెజెస్టిక్‌లో దిగి, ఊదారంగు దారి బండి పట్టుకున్నాం. ఆ దారి 2023 అక్టోబరులో పూర్తయింది. చల్లఘట్ట నుంచి వైట్‌ఫీల్డు దాకా 43 కిలోమీటర్ల పైచిలుకు, 37 స్టేషన్లు. అంతకుముందు బస్సులో ఈ ప్రయాణానికి రెండు గంటలు పట్టిన రోజులున్నాయని మా అమ్మాయి చెప్పింది. కిటికీలోంచి చూస్తుంటే కృష్ణరాజపురం దాటగానే ఊరి రూపే మారిపోయింది. హూడి, సీతారామపాళ్య, నల్లూరహళ్లి అని స్టేషన్ల పేర్లు వింటే పల్లెటూళ్లే. చుట్టూ చూస్తే అన్నీ అద్దాల మేడలు. మేము దిగింది పట్టందూరు అగ్రహారంలో. పేరులో అగ్రహారం మిగిలింది, ఎదురుగా టెక్ పార్కు నిలబడింది.

ఈ ఊరి కథ కొంచెం చెప్పాలి. 1882లో మైసూరు మహారాజు చామరాజ ఒడెయరు ఇక్కడ ఆంగ్లో ఇండియన్ల సంఘానికి వేల ఎకరాల భూమి ఇచ్చారు. ఆ సంఘానికి పెద్ద అయిన డి.ఎస్. వైట్ పేరు మీదనే వైట్‌ఫీల్డు అయింది. బెంగళూరుకు పెద్ద విదేశీ కంప్యూటరు కంపెనీల రాక మాత్రం 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌తో మొదలైంది. వాళ్ల ఉపగ్రహ సంబంధానికి కావలసిన పరికరాలను ఎడ్లబండి మీద చేర్చారన్న కథ ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. 1990లలో సింగపూరు భాగస్వామ్యంతో వైట్‌ఫీల్డులో టెక్ పార్కు లేచింది. 2000లో జనరల్ ఎలక్ట్రిక్ తన పరిశోధన కేంద్రాన్ని ఇక్కడే తెరిచింది. 2005లో మైక్రోసాఫ్టు కూడా బెంగళూరులో పరిశోధనశాల పెట్టింది. మొదట్లో ఇతర దేశాలు అప్పగించిన పని చేసిన ఊరు, క్రమంగా కొత్త పని తనంతట తాను కనిపెట్టే ఊరు అయింది.

ద్వారం దగ్గర నా ఫోను కెమెరాకు కాగితం అంటించి, మెడలో సందర్శకుల బిళ్ల వేశారు. పరిశోధన అంటే గాజుసీసాలూ, తెల్లకోట్లూ ఉంటాయనుకున్న నాకు వరసగా బల్లలూ, తెరలూ, చెవులకు పెద్ద పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకున్న పిల్లలూ కనిపించారు. సమావేశపు గదులకు నదుల పేర్లు. మేము కూర్చున్న గది పేరు తుంగభద్ర.

ఆ బృందం పని, మనిషి మాట్లాడితే యంత్రం విని అక్షరాల్లో రాసేటట్టు చేయడం. తెలుగు, కన్నడం రెండూ వాళ్ల వంతు. మన మాటను యంత్రం సెకనుకు నూరు ముక్కలుగా తరిగి, ఒక్కొక్క ముక్కలో ఏ ధ్వని ఎంత బలంగా ఉందో లెక్క వేస్తుంది. ముందుగా మనుషులు విని రాసిపెట్టిన వేల గంటల మాటలను పక్కన పెట్టుకుని, ఈ ధ్వనికి ఈ అక్షరం అని పోల్చుకుంటూ నేర్చుకుంటుంది. అంటే గురువు చెప్పినదే శిష్యుడికి వస్తుంది. గురువు తప్పు రాస్తే శిష్యుడు తప్పే నేర్చుకుంటాడు. ఈ చిన్న సంగతి చుట్టూనే ఆ రోజంతా తిరిగింది.

తొమ్మిదిన్నరకు మా అమ్మాయి చేసిన మొదటి పని, రాత్రి యంత్రానికి పెట్టిన పాఠం ఎంతవరకు వచ్చిందో చూడడం. అన్నం పొయ్యి మీద పెట్టి పడుకున్నట్టే ఉంటుంది ఈ వ్యవహారం. ఆ రోజు అడుగంటింది. రాత్రి రెండు గంటలకు డిస్కులో చోటు నిండిపోయి పాఠం ఆగిపోయింది. ఆ పని పెట్టిన కుర్రవాడి ముఖం వాడిపోయింది. ఆమె కోప్పడలేదు. "ఎంతవరకు దాచుకుంది?" అని అడిగి, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టించి, ఇకమీదట చోటు తగ్గితే ముందే హెచ్చరిక వచ్చే ఏర్పాటు చేయమంది.

పది గంటలకు తొమ్మిది మందీ నిలబడే మాట్లాడుకున్నారు. కూర్చుంటే మాటలు పెరుగుతాయని ఆ పద్ధతి. నిన్న ఏం చేశారు, ఇవాళ ఏం చేస్తారు, దేనివల్ల ఆగింది, ఈ మూడే ప్రశ్నలు. పావుగంటలో ముగిసింది. తరువాత మొదలైంది అసలు తగాదా.

మా అమ్మ, అంటే మా మేనకోడలికి అవ్వ, మదనపల్లె వైపు నుంచి కాపురానికి వచ్చి ఆరు దశాబ్దాలుగా బెంగళూరులోనే ఉంది. పరీక్ష కోసం ఊళ్లోని తెలుగు ఇళ్లలో పెద్దవాళ్ల మాటలు వారి సమ్మతితో రికార్డు చేసినప్పుడు అమ్మ కూడా ఇచ్చింది. అందులో ఒక వాక్యం: "రేపు సంతకు పోయి సొప్పు తెచ్చుకోవల్ల." ఆకుకూరకు కన్నడంలో సొప్పు, మా ఇంట్లోనూ సొప్పే. తెచ్చుకోవాలి అన్నదానికి సీమవైపు మాట తెచ్చుకోవల్ల. యంత్రం ఏమి రాసిందో తెలుసా? "రేపు సంతకు పోయి సబ్బు తెచ్చుకో వల్ల." నాకు నవ్వు ఆగలేదు.

నవ్వుకోలేని సంగతి ఏమిటంటే, ఆ వాక్యాన్ని విని రాసిన మనిషి కూడా అమ్మ అన్నది అన్నట్టు రాయలేదు. "ఆకుకూర తెచ్చుకోవాలి" అని చక్కగా దిద్ది రాశాడు. అతను చదువుకున్నవాడు, తెలుగు బాగా వచ్చినవాడు, శ్రద్ధగానే చేశాడు. పరీక్షపత్రం దిద్దినట్టు దిద్దాడు, అంతే. అలాంటి దిద్దుబాట్లు వందల కొద్దీ బయటపడ్డాయి. బృందంలో కొందరు అలాగే ఉంచుదామన్నారు. చదివేవాళ్లకు శుభ్రమైన తెలుగే కదా కావాలి అని వాళ్ల వాదన. మా అమ్మాయి ఒప్పుకోలేదు. "చెవికి సొప్పు అని వినిపిస్తుంటే చేతికి ఆకుకూర అని రాయిస్తే, ఆ యంత్రం ఏ ధ్వనిని ఏ అక్షరమని నేర్చుకుంటుంది? విన్నది విన్నట్టు రాయాలి. శుభ్రం చేయాలంటే అది తరువాతి మెట్టు, వేరే పని" అంది. ఆ దిద్దినవన్నీ మళ్లీ రాయించడానికి మూడు వారాలు పడుతుందని లెక్క తేలింది. చేయాల్సిందే అని నిర్ణయించింది.

మధ్యాహ్నం క్యాంటీనులో బిసిబేళేబాతు, పెరుగన్నం తిన్నాం. మా బల్ల దగ్గర ఒక గుంటూరు అబ్బాయి, ఒక ధారవాడ అమ్మాయి, ఒక కోలారు కుర్రవాడు. కోలారు అబ్బాయి ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు. ఏ మాట ఏ భాషదో తనకే తెలియదని నవ్వాడు. ఈ కలగలుపు ఇవాళ్టిది కాదు. 1537లో బెంగళూరు కట్టిన కెంపేగౌడ పేరిట గంగాగౌరీవిలాసం అనే తెలుగు యక్షగానం ఉందన్న సంగతి మన సంఘంలో చాలామందికి తెలిసినదే.

భోజనం తరువాత ఒక్కొక్కరితో అరగంట చొప్పున మాట్లాడింది. ఆ మాటలు వినడం మర్యాద కాదు కనుక నేను బయట కూర్చున్నాను. తరువాత అడిగితే, ఒకరి వ్యాసం సదస్సుకు ఎంపిక కాలేదు, ఒకరికి పై చదువుకు వెళ్లాలని ఉంది, ఒకరి తండ్రికి ఒంట్లో బాగాలేదు అని మాత్రం చెప్పింది. తాను స్వయంగా ప్రోగ్రాము రాసి చాలా రోజులైందట. పదిమంది పని నడిచేటట్టు చూడడమే ఇప్పుడు తన పని అంది. అది చెప్పేటప్పుడు గొంతులో కొంచెం దిగులు ఉంది.

మూడు గంటలకు అంకెల మీటింగు. ఇక్కడ నేను ఒక లెక్క నేర్చుకున్నాను. యంత్రం నూరు మాటలు రాస్తే ఎన్ని తప్పు అన్నదే కొలత. తెలుగుకు ఈ కొలత కాస్త కఠినం. "వచ్చేస్తున్నాడంటున్నారు" మనకు ఒక్క మాట. యంత్రం రెండుగా విడగొట్టి రాస్తే చదివేవాడికి నష్టం లేదు, లెక్కలో మాత్రం తప్పు పడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు సరాసరి. మాటకు, 100 మంది గొంతుల్లో 90 మంది విజయవాడ, హైదరాబాదు వాళ్లనుకోండి. వాళ్లకు నూటికి 10 తప్పులు. మిగిలిన 10 మంది మనలాంటి బయటివాళ్లు, వాళ్లకు నూటికి 40 తప్పులు. సరాసరి 13 వస్తుంది. పదమూడంటే ఫరవాలేదే అనిపిస్తుంది. ఆ పదిమంది గోడు పదమూడులో కనిపించదు.

ఆ పదిమంది తక్కువవాళ్లేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం కర్ణాటకలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారే 35 లక్షల పైన, తమిళనాడులో 42 లక్షల పైన ఉన్నారు. హోసూరులో "ఏం చేస్తుండావు" అంటారు, బరంపురం వైపు "ఏటి చేస్తన్నావు" అంటారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వాళ్లు "వాణి" అనే పథకంలో జిల్లాలవారీగా జనానికి బొమ్మలు చూపించి, వాళ్ల మాటల్లోనే చెప్పించి రికార్డు చేస్తూ వచ్చారు. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలకూ గొంతులు సేకరించింది. ఇలాంటి పని జరుగుతున్నా, మన సరిహద్దు ఇళ్ల తెలుగు ఇంకా చాలదని మా అమ్మాయి మాట.

ఆరింటికి బయలుదేరి ఇల్లు చేరాం. రోజు అక్కడితో అయిపోలేదు. రాత్రి ఎనిమిదిన్నరకు అమెరికా పడమటి తీరంలో పొద్దున ఎనిమిది. పైఅధికారులతో మాట్లాడే వేళ అదే. ముందుగది తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంది. వాళ్లకు కావలసింది ఒకే ఒక్క అంకె, వచ్చే నెలలో విడుదల. ఆమె రెండు అంకెలు చూపించింది, సరాసరి ఒకటి, బయటి తెలుగువాళ్లది విడిగా ఒకటి. రెండోది చూపకుండా ఉంటే విడుదల సాఫీగా జరిగేది, బృందానికి మంచి పేరు వచ్చేది. బృందంలో ఇద్దరివి ఏడాది ఒప్పందపు ఉద్యోగాలు, అవి పొడిగించడం కూడా ఆ విడుదల మీదనే ఆధారపడి ఉందని నాకు తరువాత తెలిసింది.

గంటసేపటికి బయటికి వచ్చింది. విడుదల ఆరు వారాలు వెనక్కి వెళ్లింది. కొత్త రికార్డింగులకు అడిగినదానిలో సగం డబ్బు ఇస్తామన్నారు. ఆ ఇద్దరి సంగతి మరుసటి నెల చూద్దామన్నారు. "గెలిచావా, ఓడావా?" అని అడిగాను. "రెండో అంకె నివేదికలో ఉంటుంది అత్తా. ఇకమీద ఎవరు వచ్చినా దాన్ని తీసేయాలంటే కారణం చెప్పాలి" అని, చారన్నం కలుపుకుంది.

పడుకోబోయే ముందు ఒక సంగతి చెప్పింది. అది మన కుటుంబాలకు పనికివస్తుందని రాస్తున్నాను. యంత్రం మన మాట తప్పు రాసినప్పుడు మనం వెంటనే గొంతు మార్చి, పుస్తకాల తెలుగులోనో ఇంగ్లీషులోనో మళ్లీ చెబుతాం. పిల్లలైతే అవ్వతాతలను కూడా అలాగే మార్చుకోమంటారు. అలా మార్చుకున్న మాటే లెక్కలోకి వెళుతుంది, మన అసలు మాట ఎక్కడా నమోదు కాదు. "తప్పు రాస్తే తప్పని చెప్పండి, మీ మాట మాత్రం మార్చుకోకండి" అన్నది ఆమె కోరిక. మరునాడు ఏడున్నరకు మళ్లీ సంపిగె రోడ్డు స్టేషనుకు బయలుదేరింది. మూడు వారాల పని ఆ రోజే మొదలు.