బకెట్ నీళ్ల లెక్క

మీ ఇంట్లో నీళ్లు కాచుకునే హీటర్ రాడ్డు ఉందా? గీజరొచ్చాక అటకెక్కించే ఉంటారు. ఓసారి దింపండి. ప్లాస్టిక్ పిడి మీద చీమల బారులా ఏదో అచ్చేసి ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని చూడండి: 230 వోల్టులు, 1500 వాట్లు. అంతే. ఎన్ని ఆంపియర్లు లాగుతుందో, లోపలి తీగకు ఎన్ని ఓముల నిరోధం ఉందో మనమే రాబట్టుకోవాలి. ఎంతసేపు చెప్పండి, కూరగాయల కొట్టు దగ్గర మీరు వేసే లెక్కకంటే చిన్నది.

వాట్లంటే వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేవి. కాబట్టి 1500ని 230తో భాగించండి. ఆరున్నర ఆంపియర్లు. ఇక్కడే ఒక్క క్షణం ఆగాలి. గోడకున్న చిన్న ప్లగ్గు తట్టుకునేది 6 ఆంపియర్లు. పెద్ద పిన్నుల రాడ్డుకి కన్వర్టర్ తగిలించి చిన్న ప్లగ్గులో గుచ్చేసి, "పనిచేస్తోందిగా" అనే మహానుభావులు ప్రతి వీధిలోనూ ఉంటారు. పనిచేస్తుంది, నిజమే. ప్లగ్గు చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, కమురు వాసన వచ్చేదాకా పనిచేస్తుంది.

ఇప్పుడు అదే 230ని ఆ ఆరున్నరతో భాగిస్తే 35 ఓములు. నన్నడిగితే రాడ్డు గురించి తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఇదే. 1500 వాట్లు దాని సొంత ఆస్తి కాదు, 230 వోల్టులు అందితేనే ఆ దర్జా. 35 ఓములు మాత్రం దాని సొంతం. లోపలున్న నిక్రోమ్ తీగ కాగినా చల్లారినా ఆ అంకె పెద్దగా కదలదు.

ఊరి చివరి ఇల్లనుకోండి. సాయంత్రం అందరూ స్విచ్చులేసే వేళకి వోల్టేజి 160కి దిగింది. 160ని 35తో భాగిస్తే నాలుగున్నర ఆంపియర్లు. దాన్ని మళ్లీ 160తో గుణించండి. 730 వాట్లు! వోల్టేజి తగ్గింది మూడో వంతు కూడా కాదు, వేడి సగం కంటే కిందికి పడిపోయింది. వోల్టు తగ్గితే కరెంటూ తగ్గుతుంది, ఆ రెండూ కలిసి దెబ్బకొడతాయి మరి. పదిహేను లీటర్ల బకెట్టు ఓ ఇరవై డిగ్రీలు వేడెక్కడానికి మామూలుగా పావుగంట చాలు. ఆ పూట అరగంట కూర్చోవాలి. అయితే బిల్లు రెట్టింపవుతుందని కంగారు పడకండి. మీటరు లెక్కించేది వాట్లని గంటలతో గుణించి. సగం వాట్లు, రెట్టింపు సేపు. ఎలా కాచినా యూనిట్లో మూడో వంతు చిల్లరే. పోయేది మీ టైము, ఓపిక.

వోల్టేజి నిలకడగా లేక విసుగెత్తిన వాళ్లలో మనమే మొదటివాళ్లం కాదు. జర్మనీలో ఎర్లాంగెన్ అనే ఊళ్లో తాళాలు చేసే ఆయన కొడుకు గేయార్గ్ ఓమ్. కొలోన్‌లో పిల్లలకు లెక్కలు, ఫిజిక్సు చెబుతూ తీగల మీద ప్రయోగాలు మొదలెట్టాడు. ఆనాటి బ్యాటరీలు కొలుస్తుండగానే నీరసపడిపోయేవి. చివరికి పొగెండార్ఫ్ అనే ఆయన సలహా మీద బిస్మత్‌నీ రాగినీ అతికి, ఒక అతుకును మరిగే నీళ్లలో, రెండోదాన్ని కరిగే మంచులో ఉంచాడు. ఆ ఉష్ణోగ్రతలు కదలవు కనక కరెంటూ కదలకుండా వచ్చింది. వోల్టులను ఓములతో భాగిస్తే ఆంపియర్లు అని అలా తేలిన సూత్రాన్ని 1827లో పుస్తకంగా వేస్తే సొంత దేశంలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చాక గానీ ఆయన పేరు మోగలేదు. ఇంటి పంతులు మాట పొరుగూరివాళ్లు మెచ్చుకుంటేనే మనకీ చెవికెక్కేది!

అన్నీ రాడ్డంత బుద్ధిమంతులు కావు లెండి. పాత 60 వాట్ల బల్బుని లెక్కేస్తే 880 ఓములు వస్తుంది. ఆర్పి, హోల్డర్లోంచి తీసి మల్టీమీటరు పెడితే అందులో పదో వంతు కూడా చూపించదు. మీటరు చెడలేదు. టంగ్‌స్టన్ తీగ ఎర్రగా కాగితేనే అంత అడ్డుపడుతుంది. చల్లగా ఉన్నప్పుడు దారి బార్లా తెరుస్తుంది. స్విచ్చేసిన క్షణాన కరెంటు ఒక్కుదుటున దూకేది అందుకే, బల్బులు సరిగ్గా అప్పుడే టప్పుమనేదీ అందుకే.

పొలం మోటారుది ఇంకో తంతు. దానికి ఇంత నీరు తోడాలన్న పని నెత్తిన ఉంటుంది. వోల్టేజి తగ్గితే రాడ్డులా తగ్గి ఊరుకోదు, లోటు పూడ్చుకోవడానికి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. 5 హెచ్‌పీ మూడు ఫేజుల మోటారు మామూలుగా ఏడున్నర ఆంపియర్ల దరిదాపుల్లో నడుస్తుందనుకుందాం. లో వోల్టేజిలో అది 10కి పోతే, వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనక, వైండింగులో ముప్పావు వంతుకు పైగా అదనపు వేడి. స్టార్టర్లో ఓవర్‌లోడు రిలే సరిగ్గా ఉంటే ట్రిప్పవుతుంది. మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తీసేసి డైరెక్టు చేసుకున్న రైతు, మర్నాడు మోటారు పైకి లాగించి వైండింగు షాపుకి మోసుకెళ్లాల్సిందే.

మళ్లీ ఆ రాడ్డు సంగతి. మల్టీమీటరు ఉంటే ప్లగ్గుకు ఎర్త్ కాని రెండు పిన్నుల మధ్య పెట్టండి, 35 ఓముల దగ్గర ఆగితే తీగ బాగుంది. ఏమీ చూపకపోతే లోపల తెగింది. ఇప్పుడు మీటరు పుల్లల్లో ఒకదాన్ని రాడ్డు పైనున్న లోహపు గొట్టానికి ఆనించి, రెండోదాన్ని ఆ రెండు పిన్నులకీ ఒకదాని తర్వాత ఒకటి తాకించండి. ఇక్కడ ఏ అంకె చూపించినా ఆ రాడ్డుని పాతసామాన్లవాడికి వేసేయండి. చూపకపోయినా సరే, స్విచ్చాపి ప్లగ్గు పీకాకే నీళ్లలో వేలు పెట్టండి.