స్వరం ఆపే చోటు

కామారెడ్డి, ఎల్లారెడ్డి పెళ్లిళ్లల్ల, గణేశ్ మండపాల కాడ ఏండ్ల సంది బేస్ గిటార్ వాయిస్తున్న. మొన్న హైదరాబాద్‌ల చిన్న వర్క్‌షాప్‌కు పోయొచ్చిన. పొద్దంతా ఒకటే సాధన: కిక్ డ్రమ్ పడంగనే తీగ మీటుడు, స్నేర్ పడేలోపు ఎడమచేతి వేలు కొంచెం సడలించి స్వరం ఆపుడు. గంతల్నే పాటకు ఊపొచ్చింది!

ఇళయరాజా పాటల్ల బేస్ ఇంకో పాట లెక్క నడుస్తది. 1989 ‘గీతాంజలి’ సినిమా పాటలు హెడ్‌ఫోన్స్ పెట్టుకొని వినుండ్రి. లావు ‘ఇ’ తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర, ఫోన్ స్పీకర్ల సరిగ్గ వినబడదు.

అనుభవమున్నోళ్లే ఇసొంటి కోర్సులకు ముందుగాల పోవాలె. చెప్పింది చెప్పినట్టు వేళ్లకు ఎక్కుతది. కామారెడ్డిల ఎవరన్న పెడ్తమంటే చెప్పుండ్రన్నా, ఆంప్ నేనే తెస్త.