కార్ నికోబార్‌కు ఒక శుభాకాంక్ష

2004లో మేము పోర్ట్ బ్లెయిర్‌లో, అనగా నేటి శ్రీ విజయపురంలో, పనిచేస్తూ ఉండేవారము. కార్యాలయం తరఫున క్రిస్మస్ కార్డులు ఎంపిక చేసి తెప్పించే బాధ్యత మాపై పడింది. టెండరు పత్రాలతో మాకు పరిచయమే గాని, శుభాకాంక్షల పత్రాలు కొత్త.

చెన్నై నుండి ఓడ రావడానికే దాదాపు 60 గంటలు. అక్కడి నుండి కార్ నికోబార్‌కు మరొక ప్రయాణం. అందుచేత అక్టోబరులోనే ఆర్డరు పంపాము. వచ్చిన నమూనాలన్నింటా మంచు, జింకల బండ్లే. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ వేయించిన తొలి కార్డులో మంచు లేదు. విందారగించే కుటుంబం, బీదలకు అన్నవస్త్రాలిచ్చే దృశ్యాలు ఉన్నాయి. మేమును కొబ్బరిచెట్లు, సముద్రం, పడవ ఉన్న బొమ్మనే ఎన్నుకొని, పేర్లు స్వహస్తాలతో వ్రాశాము.

కార్డులు సకాలంలోనే చేరాయి. పండుగ మరునాడు, డిసెంబరు 26 ఉదయం, సునామీ వచ్చింది. కార్ నికోబార్ తీరగ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి.

మరుసటి సంవత్సరం చిరునామాల జాబితా ముందుంచుకొని కూర్చుంటే కలం సాగలేదు. ఎవరి పేరు ఉంచాలి? వారికి సముద్రపు బొమ్మ ఎలా పంపాలి? పడవ లేని సాదా కార్డు చాలునని నిశ్చయించి, ముందుగా ఒక నికోబారీ పెద్దాయనను అడిగాము. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, "పడవ బొమ్మే పంపండి సార్. సముద్రం మీద కోపం పెట్టుకొని మేము ఎక్కడికి పోతాము?" అన్నారు.

ఆ బొమ్మనే మళ్ళీ ఆర్డరు చేశాము. జాబితా మాత్రం చిన్నదయింది.