పాత రికార్డులు, కొత్త సెట్టు

మా ఇంట్లో కొత్త గ్రామఫోను సెట్టు వెలిసిందని తెలిసి చూడవచ్చిన వాళ్ళంతా మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "కొత్త రికార్డులేం కొన్నారు?" ఒక్కటీ కొనలేదంటే నమ్మరు. ఉన్నవల్లా నాన్నగారు కొన్న నలభై చిల్లర రికార్డులే. ఆ పాత చింతకాయ పచ్చడికి ఇంత హంగామా ఎందుకని మా బావమరిది మొహంమీదే అన్నాడు.

ఎందుకో చెబుతాను, వినండి.

ఇన్నాళ్ళూ మాకున్నది చేత్తో పట్టుకుపోయే పెట్టె గ్రామఫోను. స్పీకరు దాని మూతలోనే, అరచేతంత ఉండేది. అంత చిన్న స్పీకరు మంద్రస్వరాన్ని పలికించలేదు. మృదంగం కుడివైపు దెబ్బ వినిపించేది గాని, ఎడమవైపు 'గుం' అనే నాదం ఏమైపోయేదో తెలిసేది కాదు.

దానికి తోడు ముల్లు గొడవ. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డుల గాడి వెడల్పు. వాటికి లాంగ్‌ప్లే ముల్లుకంటె సుమారు 3 రెట్లు లావు మొన కావాలి. సన్న ముల్లు పెడితే గాడి అడుక్కు జారి, పాటకంటె బరబరే ఎక్కువ వినిపిస్తుంది. కొత్త సెట్టుకి రెండు ముళ్ళున్నాయి, దేనికది.

మొదటి రోజున ఘంటసాలగారి పాట పెట్టాం. చరణానికీ చరణానికీ మధ్య ఆయన ఊపిరి తీసుకోవడం వినిపించింది! 1974లో కన్నుమూసిన మనిషి మా గదిలో కూర్చుని పాడుతున్నట్టే ఉంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, రికార్డుమీది గీతలు కూడా అంత స్పష్టంగానూ వినబడ్డాయి.

మర్నాడు పొద్దున్నే సుప్రభాతం పెట్టాను. ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి 1963 నాటి లాంగ్‌ప్లే. అందులో ఆవిడతో రాధా విశ్వనాథన్‌గారు గొంతు కలిపారు. కాని మా ఇంట్లో ఆ రెండో గొంతు ఎప్పుడూ అమ్మదే. వాకిట్లో కళ్ళాపి చల్లుతూ, వంటింట్లో డికాషను దించుతూ వంత పాడేది. ఇప్పుడు రాధగారి గొంతు విడిగా, ఎంతో చక్కగా తెలుస్తోంది. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. ఆవిడ చోట మరొకరు పాడుతూంటే సంతోషించాలో, బాధపడాలో తెలియలేదు. గుండె కలుక్కుమంది. లేచి శబ్దం తగ్గించాను.

అప్పుడు వినిపించింది, వంటింట్లోంచి మా ఆవిడ కూనిరాగం. ఒక్క పదం పొల్లుపోవడం లేదు! పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటినా ఆవిడ పాడగా నేనెన్నడూ వినలేదు.

"నీకు ఇంత బాగా వచ్చునని ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నాను.

"అత్తయ్యగారు పాడుతూంటే వినడమే బాగుండేదండీ. తరవాత మీరు ఆ రికార్డు పెట్టనే లేదుగా!" అంది, స్టవ్వు కట్టేస్తూ.

మీరూ సెట్టు మారుద్దామనుకుంటే నిక్షేపంలా మార్చండి. ఇంట్లో పాత లక్క రికార్డులుంటే వాటికి తగిన ముల్లు కూడా అడిగి తీసుకోండి. పొద్దుటిపూట మాత్రం శబ్దం కాస్త తగ్గించి పెట్టండి. వంటింట్లో ఎవరైనా గొంతు కలిపితే మీకు వినబడాలి గదా!