చీపురుపుల్లల లెక్క

1995లో మేము ఉద్యోగరీత్యా హిందీ ప్రాంతంలోని ఒక టౌన్‌షిప్‌లో ఉండేవారము. రెండవ తరగతి చదువుతున్న మా అమ్మాయి ఒక సాయంకాలం లెక్కల నోటుపుస్తకం మా ముందుంచి, గుమ్మం పక్కన నిలబడిపోయింది. నూట అయిదు వ్రాయమంటే 1005 అని వ్రాసింది. ఉపాధ్యాయిని ఎర్రసిరాతో కొట్టివేసి, ‘అశ్రద్ధ’ అని వ్రాశారు. మేమూ ఆ మాటనే నమ్మాము. ఆలుమగలమిద్దరమూ చెరొకవైపు కూర్చుండి ఇరవైసార్లు వ్రాయించాము. తరువాత నూట ఏడు అడిగితే 1007 వ్రాసింది. ఆ రాత్రి ఒక దెబ్బ కూడా పడింది. మరునాటి నుండి లెక్కలనగానే పాపకు కడుపునొప్పి.

అశ్రద్ధ కాదని తెలియడానికి మాకు వారం పట్టింది. వంద, దాని పక్కన అయిదు. విన్నది విన్నట్లే వ్రాసింది. పైగా బడిలో అంకెలు హిందీలో. ఇరవై తొమ్మిది అంటే ఇరవై, తొమ్మిది రెండూ చెవిన పడతాయి. హిందీలో అదే ‘ఉన్‌తీస్’, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. 79 ‘ఉన్యాసీ’, 89 ‘నవాసీ’. బజారులో మేమే తడబడేవారము!

ఊరినుండి తెచ్చుకున్న కొబ్బరి చీపురును వేలెడేసి ముక్కలుగా విరిచాము. నేలమీద సుద్దతో ఒకట్లు, పదులు, వందలు అని మూడు గదులు గీశాము. అష్టాచెమ్మా గవ్వలు వేసి, పడినన్ని పుల్లలు తీసుకోవాలి. ఒకట్ల గదిలో పది పోగయితే రబ్బరుబ్యాండు వేసి, ఎడమవైపు గదిలోకి పంపాలి. పది కట్టలు కూడితే పెద్దకట్ట. ముందు పెద్దకట్ట కట్టినవారిదే గెలుపు. మొదట రూపాయి నాణేలతో, పదిరూపాయల నోట్లతో ప్రయత్నించి విఫలమయ్యాము. నోటులో పది రూపాయలు కంటికి కనిపించవు; కట్టలో పది పుల్లలు కనిపిస్తాయి. 1939లో మన దేశానికి వచ్చి మద్రాసు అడయారులో శిక్షణ ఇచ్చిన మరియా మాంటిసోరీ పూసల పద్ధతీ ఇటువంటిదేనని తరువాత తెలిసింది. ఒక పూస, పది పూసల తీగ, వంద పూసల చదరము, వెయ్యి పూసల ఘనము.

నాలుగవ రోజున నూట అయిదు పేర్చమన్నాము. పెద్దకట్ట ఒకటి, విడిపుల్లలు అయిదు పెట్టి, మధ్యగది వైపు చూస్తూ ఆగిపోయింది.

“ఇక్కడ ఎవరూ లేరు నాన్నా. ఊరికి వెళ్ళారా?”

“వెళ్ళారు. అయితే క్వార్టరు ఉంటుంది కదా!”

“తాళం వేసి ఉంటుంది,” అంటూ సుద్దతో ఆ గదిలో గుండ్రంగా సున్న చుట్టింది.

తీసివేతలలో మరొక చిక్కు. పక్క అంకె నుండి ‘అప్పు’ తెచ్చుకోవాలని బడిలో చెప్పారట. ఆ అప్పు ఎప్పుడు తీర్చాలని పాప ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. 52లో 27 తీసేటప్పుడు ఒక కట్ట రబ్బరుబ్యాండు విప్పి చూపించాము. అప్పు లేదు, చిల్లర మార్చుకోవడమే.

కడుపునొప్పి తగ్గింది. బదిలీ అయినప్పుడు ఆ కట్టలు బిస్కెట్ల డబ్బాలో సామానుతోపాటు వచ్చాయి. మొన్న సంక్రాంతికి తన కొడుకుతో వచ్చిన అమ్మాయికి ఆ డబ్బా చూపించాము. పుల్లల ఆట లీలగా కూడా జ్ఞాపకం లేదన్నది. దెబ్బ మాత్రం జ్ఞాపకమున్నదట.