ఇంతెజార్‌లో ఉన్న మజా

సినిమాకూ సీరియల్‌కూ తేడా ఏందని ఎవరన్న అడిగితే నేను ఒక్కటే చెప్త. సినిమా మెహమాన్ లెక్క వస్తది. దావత్ తిని, నవ్వించి, ఏడిపించి, రెండున్నర గంటల్ల ఖుదా హాఫిజ్ అని లేచి పోతది. సీరియల్ పక్కింట్ల కిరాయికి దిగిన కుటుంబం లెక్క. వాళ్ల కొట్లాటలు, షాదీలు, మౌత్‌లు గోడ అవతల నుంచి నెలల తరబడి వినబడుతనే ఉంటయి. మనం వద్దనుకున్నా వాళ్లు మనవాళ్లయిపోతరు.

మా కోస్గిల ఎనభైలల్ల టీవీ అంటే మొహల్లాకొకటి ఉంటే గొప్ప. మా అబ్బాది టైలరింగ్ దుకాణం, మా ఇంట్ల టీవీ లేకుండె. 1988 నుంచి 1990 దాకా ఇత్వార్ పొద్దుగాల మహాభారత్ వచ్చేది. టీవీ ఉన్నోళ్ల వాకిట్ల చాపలు పరిచేటోళ్లు. ముందు పిల్లలం, మా ఎనక ఆడోళ్లు, గోడకానుకొని మొగోళ్లు. దండం పెట్టేటోళ్లు పెట్టేది, మేం నోరు తెరుచుకొని చూసేది. ఆ డైలాగులు రాసింది రాహీ మాసూమ్ రజా అని అప్పట్ల మాకు తెల్వదు. 1966ల ‘ఆధా గావ్’ అచ్చేసిన అదీబ్ ఆయన. ఆ సీరియల్ల కథ చెప్పేదెవరో యాదికుందా? సమయం. అంటే వఖ్త్. ఇప్పుడు ఆలోచిస్తే సీరియల్ అనే ఫన్ రాజ్ అంతా అండ్లనే ఉందనిపిస్తది. సీరియల్‌కు అసలు సామాన్ వఖ్తే.

మనిషి దిల్ మారాల్నంటే టైం పడ్తది. సినిమాల ఒక పాట అయిపోయేలోపు మారిపోతది. నిజం జిందగీల ఒక అత్త కోడల్ని ఖుబూల్ చేసుకోవడానికి పదేండ్లు పట్టొచ్చు. 1984 జులైల దూరదర్శన్‌ల ‘హమ్ లోగ్’ మొదలైంది. మెక్సికో టీవీ కథల నుంచి తెచ్చుకున్న ఖయాల్ అది. నూటయాభైకి పైగా ఎపిసోడ్లు నడిచింది. అండ్ల హీరో లేడు, ఫైటింగ్ లేదు. కిరాయి ఇల్లు, తాగే తండ్రి, షాదీ కావాల్సిన బిడ్డలు. అయిపోయినంక అశోక్ కుమార్ వచ్చి చూసేటోళ్లతోని మాట్లాడేటోడు. ఇంటి పెద్దమనిషి అందర్నీ కూసోబెట్టి నచ్చజెప్పినట్టు ఉండేది.

ఇదేం కొత్త హునర్ కాదు. షహర్జాద్ వెయ్యిన్నొక్క రాత్రులు జాన్ కాపాడుకున్నది కథను సగంల ఆపే. దాస్తాన్‌గోలు దాస్తాన్‌ను రాత్రుల తరబడి సాగదీసేటోళ్లు. లక్నోల నవల్ కిషోర్ ప్రెస్ 1883 నుంచి ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’ను ఒక్కో జిల్ద్‌గా తెచ్చింది. మన తెలుగుల వీక్లీ సీరియళ్లు లేవా? యండమూరి ‘తులసిదళం’ ఆంధ్రభూమిల వచ్చినప్పుడు వచ్చే వారం కోసం జనం కాసుకొని కూసున్నరు. ఎపిసోడ్‌కూ ఎపిసోడ్‌కూ మధ్యల ఉండే ఖాళీ జగా చూసేటోళ్లది. “కల్ క్యా హోతా కీ” అనుకుంట బోరింగ్ కాడ, కుట్టుమిషన్ ముందల, రొట్టెల పీట మీద ఆడోళ్లు అల్లేది ఆ జగాలనే.

అయితే ఇంతెజార్‌ను అమ్ముకోవడం మొదలుపెడితే ఖరాబ్ అయితది. తెలుగుల ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ ఏండ్లకేండ్లు నడిచినయి. మంజులా నాయుడు తీసిన ఆ సీరియళ్లకు మా ఇంట్ల గూడ టైం కేటాయించినం, ఇషా నమాజ్ టైం చూసుకొని మరీ. ఆ తర్వాత వచ్చిన మస్తు సీరియళ్లల్ల ఒక్క చెంపదెబ్బకు మూడు రోజులు పట్టేది. దెబ్బ ఒకటి, మొఖాలు పన్నెండు, ఒక్కో మొఖానికి మూడు ఉరుములు. ఖతం కావాల్సిన కథను రేటింగ్ కోసం వెంటిలేటర్ మీద పెట్టినట్టే.

ఇంకో గమ్ గూడ ఉంది. నేను చూసినంతల ఆ సీరియళ్లల్ల మనసొంటి ఇల్లు కనపడలే. ఎన్నడన్న ఒక భాయ్ వస్తే మంచి దోస్త్‌గా రెండు మాటలు చెప్పి పోతడు. ఆయనకొక ఇల్లు, ఇంట్ల ఒక అమ్మీ, ఆమెకొక ఫికర్ ఉంటదని కథకు యాదికుండదు. తొంభైలల్ల దూరదర్శన్‌ల లేఖ్ టాండన్ తీసిన ‘ఫర్మాన్’ వచ్చింది. రఫియా మంజూరుల్ అమీన్ ‘ఆలంపనా’ నవల ఆధారం. హైదరాబాద్ కథ అని మురిసిపోయినం. కానీ అది హవేలీ ఉర్దూ. మాది కోస్గి దక్నీ, సగం తెలుగు, కొంచెం కన్నడ గాలి.

2014ల జిందగీ ఛానెల్ వచ్చింది, పాకిస్తానీ డ్రామాలు తెచ్చింది. ‘జిందగీ గుల్జార్ హై’ మొత్తం ఇరవై ఆరు ఎపిసోడ్లు. మొదలుంది, ఆఖర్ ఉంది. ఉమేరా అహ్మద్ రాసిన ఆ కథల కషఫ్ అనే బిడ్డ. ముగ్గురూ ఆడపిల్లలే అని తండ్రి ఇంకో నికాహ్ చేసుకున్నడు. తల్లి స్కూల్ల నౌకరీ చేసుకుంట ముగ్గుర్నీ చదివిస్తది. మేం గూడ ముగ్గురం ఆడపిల్లలమే. మా అబ్బా ఎన్నడూ ఆ ఖయాల్ చెయ్యలే, అల్లా ఆయన మగ్ఫిరత్ చెయ్యాలె. కానీ ఖాందాన్ నోరు ఎవరు మూస్తరు?

అమ్మీ మొదటి ఎపిసోడ్ల ఏం అనలే. రెండో వారం గూడ ఏం అనలే. రోజూ వచ్చి అదే జగాల కూసునేది, చేతుల తస్బీ. సగం కథ అయినంక ఒక రాత్రి టీవీ బంద్ చేసి, మా దిక్కు చూడకుండనే చెప్పింది. నేను పుట్టిన రోజు దాదీ దర్వాజ కాడ నిలబడి “తీనోఁ బీ లడ్కియాఁచ్ కతే” అని ఎనక్కు పోయిందంట. మూడు రోజులు లోపటికి రాలేదంట. ముప్ఫై ఆరేండ్లు కడుపుల పెట్టుకున్న మాట అది. సినిమా అయితే ఆమె కండ్లు తుడుచుకొని లేచిపోయేది. కషఫ్ తల్లి రోజూ వచ్చి మా అమ్మీ ముందల కూసున్నది కాబట్టి, ఒక ఔరత్ ఇంకో ఔరత్‌తోని చెప్పుకున్నట్టు చెప్పింది. సీరియల్ ఏం ఇస్తది అంటే నా జవాబ్ ఇదే. మాట బయటికి రావడానికి కావాల్సినంత ఫుర్సత్ ఇస్తది.

2016ల ఉరీ తర్వాత ఆ డ్రామాలు ఛానెల్ నుంచి పోయినయి. యూట్యూబ్‌ల దొరికినయి. 2025ల పహల్గాం తర్వాత ఆ ఛానెళ్లు గూడ మన దగ్గర బంద్ అయినయి. అక్కడ జాన్‌లు పోయిన ఇండ్ల గమ్ ముందు ఒక డ్రామా ఆగిపోవడం ఏం లెక్క? అమ్మీ గూడ గదే అన్నది, షికాయత్ చెయ్యలే. కానీ సగంల ఆగిన ఒక కథల అమ్మాయి రుఖ్సతీ అయిందా లేదా అని పదిసార్లు అడిగింది.

మా పెద్దాపా జిద్దాల ఉంటది. అక్కడ ఆమెకు వస్తది. ఇప్పుడు జుమ్మా రోజు ఫోన్ చేసి ఆ వారం కథ చెప్తది. ఎవరేం అన్నరు, ఏ రంగు దుపట్టా, ఎక్కడ ఆగిపోయింది అన్నీ. అమ్మీ స్పీకర్ పెట్టుకొని చిక్కుడుకాయ తీస్కుంట వింటది, మధ్యల ఆపుతది, “అట్ల ఎందుకంటది, ఆ పిల్ల అట్ల అనదు” అని ఆపాతోని కొట్లాడ్తది. మందుల మాటలు, పైసల మాటలు ఆఖర్ల రెండు నిమిషాలల్ల అయిపోతయి.