సొరంగం వచ్చేలోగా కెమెరా తీయగలరా?

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రైలు. బొడ్డవర దాటిందంటే ఘాట్ మొదలైనట్లే. ఉన్నట్టుండి పెట్టెలో చీకటి. పిల్లల కేకలు, ఈలలు. కాసేపటికి వెలుతురు... కిటికీ అవతల పచ్చటి లోయ, మంచు తెర. 'నాన్నా, ఫొటో!' అంటుంది కూతురు.

కెమెరా ఎక్కడ? కొత్త బ్యాగులో. బ్యాగు ఎక్కడ? సీటు కింద. దాని ముందు దుప్పట్ల సంచి, ఆ పక్కన జంతికల డబ్బా. అవన్నీ జరిపి, మూడు జిప్పులు తీసి, లెన్సు మూత ఊడదీసేసరికి... మరో సొరంగం!

బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన లైను ఇది. సొరంగాలు యాభైకి పైనే. కాబట్టి లోయ మళ్లీ కనిపిస్తుంది. కానీ ప్రతిసారీ ఇదే తంతు అయితే నాలుగోసారికి పిల్లలు అడగడం మానేస్తారు.

తప్పు కెమెరాది కాదు, బ్యాగుది. కెమెరా కొనేటప్పుడు పదిమందిని అడిగేవాళ్లు కూడా బ్యాగు దగ్గరకొచ్చేసరికి గూళ్లు లెక్కపెట్టి కొనేస్తారు. గూడు ఖాళీగా ఉంటే చేయి ఊరుకోదు. ఏదో ఒకటి అందులోకి చేరుతుంది. మామూలు డీఎస్ఎల్ఆర్, దాంతో వచ్చే 18-55 లెన్సు కలిపి సుమారు 700 గ్రాములే. పెద్ద 70-200 జూమ్ లెన్సు చేర్చారా, మరో కిలోన్నర. ట్రైపాడ్ ఇంకో కిలోన్నర. మెత్తటి దిండ్లు కుట్టిన బ్యాగే కిలోకి పైన తూగుతుంది. నీళ్ల సీసా వేయకముందే అయిదు కిలోలకు దగ్గరైంది! బొర్రా గుహల్లోకి మెట్లు దిగేటప్పుడు ఆ బరువు తెలియదు. ఎక్కేటప్పుడు తెలుస్తుంది. ఒక చేత్తో చిన్నాడిని ఎత్తుకుని ఎక్కాల్సి వస్తే మరీనూ.

దుకాణానికి వెళ్లేటప్పుడు మీ కెమెరా, లెన్సులు వెంట తీసుకెళ్లండి. బ్యాగులో సర్ది, భుజాన వేసుకుని అటూ ఇటూ నడవండి. కుర్చీలో కూర్చుని ఒక్క చేత్తో కెమెరా బయటకు తీసి చూడండి. రైల్లో చేయబోయేది అదే కదా! కుటుంబంతో వెళ్లేవారికి ఒంటి పట్టీతో ఛాతీ మీదకు తిప్పుకొనే సంచి సుఖం. సామాను ఎక్కువైతే వీపు బ్యాగే మేలు. అయితే జిప్పు వీపు వైపు తెరుచుకునే రకం చూసుకోండి. సంత రద్దీలో వెనక నుంచి ఎవరూ చేయి పెట్టలేరు. కంపెనీ పేరు పెద్దక్షరాల్లో మెరిసే బ్యాగు 'నాలో ఖరీదైన వస్తువుంది' అని చాటింపు వేస్తుంది. రంగు వెలిసిన పాత కాలేజీ సంచిలో మెత్తటి అరల పెట్టె పెట్టుకున్నా పని జరుగుతుంది. ఫోనుతో సరిపెట్టుకునేవారికి ఈ బాధ లేదు, పవర్ బ్యాంకు మరవకపోతే చాలు.

ఇక సర్దుడు. అరకుకు 18-55 లెన్సు చాలు. లోయకు 18, ముఖాలకు 55. మసక వెలుతురు కోసం కావాలంటే 50 ఎం.ఎం. ఎఫ్1.8 లెన్సు ఒకటి... 200 గ్రాములు కూడా ఉండదు. రద్దీ వేళ గుహలో ట్రైపాడ్ తెరిచే చోటుండదు, రెయిలింగుకు మోచేతులు ఆన్చి తీయడమే. లెన్సు తగిలించిన కెమెరా పైన, పట్టీ చేతికి అందేలా ఉండాలి. బరువైనవి వీపుకు దగ్గరగా సర్దాలి. రెండు బ్యాటరీల్లో నిండినదానికి రబ్బరు బ్యాండు చుడితే గాభరాలో తికమక ఉండదు. హైదరాబాద్ నుంచి విమానంలో విశాఖ వచ్చేవారు విడి బ్యాటరీలను చెకిన్ పెట్టెలో వేయకూడదు. చేతి సంచిలోనే తెచ్చుకోవాలి. ఫొటోలు నిండిన కార్డు మాత్రం బ్యాగులో వద్దు, జేబులో ఉండాలి. బ్యాగు పోతే కెమెరా మళ్లీ కొనుక్కోవచ్చు... అమ్మమ్మ తొలిసారి రైలు కిటికీ పక్కన కూర్చున్న ఫొటో ఎక్కడ కొంటాం?

కొండల్లో కెమెరాకు అసలు శత్రువు తేమ. ఈ మార్గంలో 2017లో అద్దాల విస్టాడోమ్ పెట్టెను ప్రవేశపెట్టారు. అలాంటి ఏసీ పెట్టెలోంచి వానాకాలం స్టేషన్లో దిగగానే కెమెరా తీస్తే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది, కళ్లజోడుకు పట్టినట్టే. దిగేముందే కెమెరాను జిప్ కవర్లో పెట్టి మూసేయాలి. పావుగంట ఆగి తీస్తే ఆ ఆవిరేదో కవరు మీదే పడుతుంది. చల్లటి గుహలోంచి బయటి ఉక్కలోకి వచ్చేటప్పుడూ అంతే. గుహ కప్పు నుంచి చుక్కలు పడుతుంటాయి. అక్కడ వేల రూపాయల కవచం కన్నా పాత నూలు తువ్వాలే నమ్మకమైన నేస్తం! బూట్ల డబ్బాలో వచ్చే సిలికాజెల్ పొట్లాలను పారేయకుండా బ్యాగు మూలల్లో వేయండి. కెమెరాను బియ్యంలో పెట్టొద్దు, తవుడు లోపలికి చేరుతుంది.

సంతలో అడ్డపొగాకు చుట్ట కాల్చే అవ్వనో, అల్లం రాశి పోసి కూర్చున్న గిరిజన రైతునో చూడగానే కెమెరా ఎక్కుపెట్టడం మర్యాద కాదు. 'తీసుకోనా అవ్వా?' అని అడగాలి. వద్దంటే సంచిలో పెట్టేయాలి. అల్లం కొనడానికి అభ్యంతరం ఉండదుగా!

తిరుగు ప్రయాణంలో అందరూ కాఫీ పొడి కొంటారు. రెండు కవర్లలో మూటగట్టి దుప్పట్ల సంచిలో వేయండి, కెమెరా పక్కన వద్దు. ఇంటికి రాగానే బ్యాగు మొత్తం ఖాళీ చేసి, బోర్లించి దులిపి, నీడన ఒకరోజు ఆరబెట్టాలి. తడి బ్యాగులో వదిలేసిన లెన్సు అద్దానికి సాలెగూడులా బూజు పడుతుంది. దాన్ని వదిలించడానికి అయ్యే ఖర్చుతో ఇంటిల్లిపాదీ మరోసారి అరకు వెళ్లిరావచ్చు.